ఊళ్ళోకి వైరొచ్చింది సరే, ఇంట్లోకొచ్చిందా? రాష్ట్రానికి బ్రాడ్‌బ్యాండ్ మ్యాప్ గీసే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

నేను మొదటిసారి ఈ మ్యాప్ గీసినప్పుడు మన్యంలో ఒక పంచాయతీకి ముదురు ఆకుపచ్చ రంగేసాను, ఎందుకంటే నా దగ్గరున్న లిస్టులో ఆ పంచాయతీ ఎదురుగా "సర్వీస్ రెడీ" అని ఉంది. కొన్నాళ్ళకి వేరే పని మీద అటు వెళ్ళినప్పుడు చూద్దాం కదా అని ఆగాను. పంచాయతీ ఆఫీసు గోడకి ఇనప డబ్బా ఉంది, దానికి తాళం ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో అక్కడ ఎవరికీ తెలీదు, డబ్బా సందులోంచి చూస్తే లోపల ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చి తగిలే చిన్న పెట్టె) మీద ఒక్క లైటు కూడా వెలగట్లేదు. పక్కనే ఉన్న కుర్రాణ్ణి అడిగితే "నెట్ కావాలంటే బడి వెనక చింతచెట్టు దగ్గరికెళ్ళండి సార్, రెండు గీతలొస్తాయి" అన్నాడు. ఆ పంచాయతీ కింద డజను ఆవాసాలు, అంటే విడివిడిగా ఉండే ఇళ్ళ గుంపులు, ఉన్నాయి, కొన్నిటికి రోడ్డే లేదు, కానీ నా మ్యాప్‌లో మొత్తం పచ్చగా కళకళలాడిపోతోంది.

కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఒక్కదాని చుట్టూ తిరుగుతుంది: నెట్ "దొరుకుతుందా" అనేది ఒక ప్రశ్న, "పెట్టించుకున్నారా" అనేది ఇంకో ప్రశ్న, ఈ రెండిటినీ ఒకే కాలమ్‌లో కలిపేస్తే మ్యాప్ అబద్ధం చెప్తుంది. ఉదాహరణకి ఆంధ్రప్రదేశ్ తీసుకుంటున్నా, తెలంగాణ వాళ్ళకి తేడా ఉన్నచోట చెప్తాను.

1. బ్రాడ్‌బ్యాండ్ అంటే ఏంటో ముందే రాసిపెట్టుకోండి

చిన్న విషయంలా ఉంటుంది గానీ దీని మీదే సగం గొడవలు. మన దేశంలో 2013 నుంచి 512 కేబీపీఎస్ వస్తే చాలు బ్రాడ్‌బ్యాండ్ అనేవాళ్ళు, 2023 జనవరిలో టెలికాం శాఖ దాన్ని 2 ఎంబీపీఎస్ చేసింది. అమెరికాలో టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2015లో 25 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్, 3 అప్‌లోడ్ అని పెట్టి 2024లో 100, 20 చేసింది. అంటే 2 ఎంబీపీఎస్‌తో మన లెక్కలో బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇల్లు వాళ్ళ లెక్కలో లేనట్టే. ఇంకో చిక్కు, మన అధికారిక లెక్కల్లో మొబైల్ డేటా కూడా బ్రాడ్‌బ్యాండే, 4జీ సిమ్ జేబులో ఉంటే ఆయన బ్రాడ్‌బ్యాండ్ చందాదారు.

నా సలహా ఏంటంటే మూడు మెట్లు పెట్టుకోండి. ఇంటికి వైరు (ఫైబర్ గానీ, కేబుల్ గానీ), వైరు లేదు కానీ ఇంట్లో కూర్చుంటే 4జీ 5జీ సరిగ్గా వస్తుంది, రెండూ లేవు. స్పీడుకి వేరే కాలమ్. ఈ మూడిటినీ చివరిదాకా విడివిడిగానే ఉంచండి, ఎంత బద్ధకమేసినా కలపొద్దు.

2. బేస్ మ్యాప్, కోడ్‌లు

క్యూజీఐఎస్ అనే మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ దించుకోండి, ఫ్రీ, మామూలు లాప్‌టాప్‌లో నడుస్తుంది. హద్దుల ఫైళ్ళు తీసుకునేటప్పుడు మాత్రం ఏ సంవత్సరం నాటివో చూడండి. ఆంధ్రాలో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి, ఆ తర్వాత కూడా మార్పులొచ్చాయి. తెలంగాణలో 2016 దసరాకి 10 జిల్లాలు 31 అయ్యి, 2019లో ములుగు, నారాయణపేట కలిపి 33 అయ్యాయి. అందుకే జిల్లాని నమ్ముకుని లెక్క కడితే పోయిన సంవత్సరం అంకెకీ ఈ సంవత్సరం అంకెకీ పొంతన కుదరదు. మండలం గానీ, వీలైతే గ్రామం గానీ యూనిట్‌గా పెట్టుకుని, జిల్లా అంకె కావాలంటే దాంట్లోంచి కూడుకోండి.

2011 జనాభా లెక్కలు వాడేవాళ్ళందరూ పడే గొయ్యి ఒకటుంది. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు లాంటి మండలాలు ఆ లెక్కల్లో ఖమ్మం జిల్లాలో ఉంటాయి, 2014లో పోలవరం ముంపు మండలాలుగా ఆంధ్రాకి వచ్చాయి. తెలంగాణ ఫైల్లోంచి వీటిని తీసి ఇటు కలపకపోతే మ్యాప్‌లో సరిగ్గా నెట్ సమస్య ఎక్కువున్నచోటే తెల్ల ఖాళీ వస్తుంది.

ఇంక పేర్లు. పేరుతో పేరు కలిపే పని అస్సలు పెట్టుకోవద్దు. కొత్తపల్లి అనే ఊళ్ళు ఎన్నున్నాయో లెక్కపెట్టడం మొదలెడితే తెల్లారిపోతుంది, పైగా ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక శాఖ పల్లి అంటుంది, ఇంకో శాఖ పల్లె అంటుంది, మూడో శాఖ మధ్యలో అక్షరం మింగేస్తుంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వాళ్ళ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకి, మండలానికి, గ్రామానికి, పంచాయతీకి ఒక కోడ్ ఉంటుంది, అది పట్టుకోండి. ఆ కోడ్‌ల కాలమ్‌ని ఎక్సెల్‌లో తెరిచేముందు టెక్స్ట్‌గా మార్చండి, లేకపోతే కోడ్ ముందు సున్నాలుంటే అవి ఎగిరిపోతాయి, రెండు రోజుల తర్వాత సగం ఊళ్ళు ఎందుకు జాయిన్ అవ్వట్లేదో అర్థంకాక జుట్టు పీక్కుంటారు. నేను పీక్కున్నా.

రెవెన్యూ గ్రామం (భూమి రికార్డుల్లో ఉండే ఊరు) వేరు, పంచాయతీ వేరు, ఆవాసం వేరు. డెల్టాలో ఈ మూడూ చాలాచోట్ల దాదాపు ఒకటే కాబట్టి తేడా తెలీదు, పాడేరు వైపు వెళ్తేనే తెలుస్తుంది. అక్కడ మాత్రం ఆవాసాల పాయింట్ లేయర్, అంటే ఒక్కో ఆవాసానికి ఒక్కో చుక్క పెట్టిన పొర, ఉండాల్సిందే.

దూరాలు కొలవాలంటే ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదును మ్యాప్ మీద పరిచే పద్ధతి) యూటీఎం 44 నార్త్ జోన్ పెట్టండి, క్యూజీఐఎస్‌లో దాని కోడ్ ఈపీఎస్‌జీ 32644. అనంతపురం, కర్నూలు జిల్లాల్లో చాలా భాగం 43 జోన్‌లోకి, శ్రీకాకుళం తూర్పు కొస 45లోకి పోతాయి, మన పనికి ఆ తేడా ఫర్వాలేదు.

3. ఇళ్ళ సంఖ్య, అంటే కింద పెట్టే అంకె

శాతం అంటే పైన ఒక అంకె కింద ఒక అంకె. అందరూ పైదాని కోసం పరిగెడతారు, కింద మాత్రం 2011 నాటి ఇళ్ళ లెక్క పెట్టేస్తారు. ఈలోపు ఊళ్ళు పెరిగాయి, కాలనీలొచ్చాయి. గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ అని శాటిలైట్ ఫోటోల్లోంచి తీసిన కట్టడాల లేయర్ ఫ్రీగా దొరుకుతుంది, ఇండియా కూడా ఉంది. అందులో పశువుల పాకలు, కోళ్ళఫారాలు, రొయ్యల చెరువు దగ్గర షెడ్లు కూడా కట్టడాలే కాబట్టి ఆ సంఖ్యని ఇళ్ళ సంఖ్య అనుకోవద్దు. అయితే ఇళ్ళు ఎక్కడెక్కడ గుంపుగా ఉన్నాయో అది బాగా చూపిస్తుంది. నేను చేసేది: ఇళ్ళ సంఖ్య గ్రామ సచివాలయం దగ్గర తీసుకుంటా, ఆ ఇళ్ళు ఎక్కడున్నాయన్నది బిల్డింగ్స్ లేయర్‌లో చూసుకుంటా. ఆంధ్రాలో అయితే గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ని అడగండి, తెలంగాణలో పంచాయతీ కార్యదర్శిని.

4. ఎక్కడ దొరుకుతుంది

ఇది మూడు ముక్కలుగా వస్తుంది.

మొదటిది ప్రభుత్వ ఫైబర్. భారత్‌నెట్ 2011లో ఎన్‌ఓఎఫ్‌ఎన్ పేరుతో మొదలైంది, దేశంలో సుమారు 2.5 లక్షల పంచాయతీలకి ఫైబర్ వేయడం దాని పని, 2023 ఆగస్టులో 1,39,579 కోట్లతో కొత్త రూపంలో మళ్ళీ ఆమోదించారు. ఆంధ్రాలో ఫైబర్‌నెట్ దారి వేరు, భూమిలో కందకం తవ్వకుండా కరెంటు స్తంభాల మీద వైరు లాగి, 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేత ప్రారంభించి, 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ కలిపి కేబుల్ ఆపరేటర్ల ద్వారా ఇచ్చారు. తెలంగాణలో టీ ఫైబర్‌కి మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే డక్ట్ (ఫైబర్ పోయే గొట్టం) వేశారు. ఈ తేడా మ్యాప్ గీసేవాడికి ముఖ్యం ఎందుకంటే స్తంభం మీద వైరు కరెంటు లైను వెంబడి పోతుంది, గాలివానకి స్తంభం పడితే అదీ పడుతుంది, కాబట్టి "ఉంది" అని రాసిన ప్రతిచోటా ఏ తేదీకి ఉందో కూడా రాయాలి.

పంచాయతీ "రెడీ" అంటే ఆ భవనం దాకా వచ్చిందని మాత్రమే. అక్కణ్ణించి ఇంటికి వెళ్ళాలంటే ఓఎల్‌టీ (ఆపరేటర్ వైపు ఉండే మెయిన్ పెట్టె) దగ్గర్నుంచి వచ్చిన లైను స్ప్లిట్టర్‌లో 32కో 64కో చీలి, స్తంభం మీద పెట్టెలోంచి డ్రాప్ వైరు ఇంట్లో ఓఎన్‌టీకి రావాలి. జీపాన్ అనే ఈ ఫైబర్ పద్ధతి సాధారణంగా 20 కిలోమీటర్ల దాకా లాగుతుంది, మన ఊళ్ళ దూరాలకి అది చాలు, కానీ మధ్యలో జాయింట్లు ఎక్కువై వంపులు ఎక్కువైతే వెలుగు పల్చబడిపోతుంది. కేబుల్ కుర్రాళ్ళ దగ్గర చిన్న పవర్ మీటర్ ఉంటుంది, అందులో మైనస్ 20 చుట్టుపక్కల డీబీఎం (వెలుగు బలాన్ని కొలిచే యూనిట్) వస్తే హాయి, మైనస్ 27 దాటితే ఓఎన్‌టీ మీద ఎర్రలైటు కొట్టుకోవడం మొదలవుతుంది. ఆపరేటర్ ఒప్పుకుంటే ఊరి చివరి ఇంట్లో ఈ రీడింగ్ ఒకటి తీయించి రాసుకోండి, ఏ లిస్టులోనూ దొరకని సంగతి అది.

రెండోది ప్రైవేటు వైర్లు. వీటికి బయట మ్యాప్ లేదు, కంపెనీలు ఇవ్వవు. దీనికి మందు ఊళ్ళో కేబుల్ ఆపరేటరే. ఏ వీధి దాకా తన వైరుందో, ఎక్కడ ఇంకో కంపెనీ వాడు వచ్చాడో, ఏ ఇంటివాళ్ళు రెండు నెలలకోసారి బిల్లు కడతారో అన్నీ ఆయన తలలో ఉంటాయి. గూగుల్ మ్యాప్ ప్రింటు తీసుకెళ్ళి, టీ తాగుతూ స్కెచ్ పెన్ ఆయన చేతికే ఇవ్వండి. "కనెక్షన్లెన్ని" అని ముందే అడగొద్దు, పన్ను వాళ్ళేమో అనుకుని నోరు మూసేస్తాడు, "వైరు ఎక్కడిదాకా ఉందన్నా" అని అడగండి చాలు.

మూడోది మొబైల్. 2024లో మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన సర్వీస్ క్వాలిటీ రూల్స్ ప్రకారం కంపెనీలు టెక్నాలజీ వారీగా కవరేజీ మ్యాపులు తమ వెబ్‌సైట్లలో పెట్టాలి, అవి చూడండి. తరంగ్ సంచార్ పోర్టల్‌లో టవర్లు ఎక్కడున్నాయో కనిపిస్తుంది. టవర్ చుట్టూ 5 కిలోమీటర్ల గుండ్రం గీసి లోపలంతా సిగ్నల్ ఉన్నట్టే అనుకోవడం మైదానంలో కొంత నయం, కొండల్లో శుద్ధ తప్పు. క్యూజీఐఎస్‌లో ఎత్తుల లేయర్ వేసి వ్యూషెడ్ (టవర్ మీంచి చూస్తే ఎంతమేర కనబడుతుందో ఆ లెక్క) తీస్తే టవర్‌కి కొండ అడ్డమొచ్చే ఊళ్ళు బయటపడతాయి. సిగ్నల్ లేని ఊళ్ళకి 4జీ ఇవ్వడానికని కేంద్రం 2022 జూలైలో 26,316 కోట్లతో 24,680 గ్రామాల పథకం ఆమోదించి బీఎస్‌ఎన్‌ఎల్‌కి అప్పజెప్పింది, అలాంటి ఊళ్ళు మీ మ్యాప్‌లో ఉంటే పాత సమాచారంతో సరిపెట్టకుండా మళ్ళీ చూడండి.

అమెరికా వాళ్ళ అనుభవం ఇక్కడ బాగా పనికొస్తుంది. అక్కడ చాలా ఏళ్ళు నెట్ కంపెనీలు నింపే ఫారం 477 అని ఉండేది, సెన్సస్ బ్లాక్‌లో (జనాభా లెక్కల కోసం గీసిన చిన్న ముక్క) ఒక్క ఇంటికి నెట్ ఇవ్వగలిగినా బ్లాకంతా ఉన్నట్టే లెక్క. పల్లెల్లో బ్లాకులు మైళ్ళకొద్దీ ఉంటాయి. చివరికి 2020లో చట్టం చేసి, దేశంలో ఒక్కో భవనాన్నీ పాయింటుగా పెట్టి 2022 నవంబర్‌లో కొత్త మ్యాప్ తెచ్చారు, అది తప్పని ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు కూడా. మన "పంచాయతీ రెడీ" కాలమ్ ఆ ఫారం 477 తమ్ముడే.

5. ఎవరు పెట్టించుకున్నారు

ఇక్కడ డేటా కరువు. ఉన్నవాటిలో ఏది దేనికి పనికొస్తుందో చెప్తా.

ట్రాయ్ రిపోర్టుల్లో చందాదారుల సంఖ్య వస్తుంది, కానీ టెలికాం సర్కిల్ వారీగా. ఆ లెక్కల్లో "ఆంధ్రప్రదేశ్" అంటే తెలంగాణ కూడా కలిసిన పాత సర్కిల్! ఆ అంకెని పట్టుకెళ్ళి ఆంధ్రా జనాభాతో భాగించిన ప్రెజెంటేషన్లు నేను కళ్ళారా చూశాను, ఊరంతా రెండేసి కనెక్షన్లున్నట్టు వస్తుంది. పైగా అవి సిమ్‌లు, మనుషులు కాదు, ఇళ్ళు అసలే కాదు.

కుటుంబ ఆరోగ్య సర్వేలో, అంటే 2019-21 ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్‌లో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగారు. ఆంధ్రాలో ఆడవాళ్ళు 21 శాతం, మగవాళ్ళు 48.8. తెలంగాణలో 26.5, 57.4. ఒకే ఇంట్లో, ఒకే సిగ్నల్ కింద ఉన్నవాళ్ళ మధ్య ఇంత తేడా! ఫోను ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందనేదే ఇక్కడ అసలు లెక్క, దానికి టవర్ ఏం చేస్తుంది. అందుకే ఇంటి లెక్కతో ఆగకుండా మనిషి లెక్క కూడా ఉండాలి. అంకె పాతదైపోయింది, దాన్ని ఇవాళ్టి పరిస్థితి అనకుండా సంవత్సరం పక్కన వేసి వాడండి.

జాతీయ శాంపిల్ సర్వే (ఎన్‌ఎస్‌ఎస్) 2017-18 రౌండ్‌లో దేశం మొత్తం మీద ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న ఇళ్ళు 23.8 శాతం, పల్లెల్లో 14.9, పట్టణాల్లో 42. ఇలాంటి శాంపిల్ సర్వేలు రాష్ట్రం దాకా సరిపోతాయి, మండలానికి దించితే చెల్లవు. యూడైస్ అనే బడుల సమాచార పోర్టల్‌లో బడుల వారీగా ఇంటర్నెట్ ఉందా లేదా ఉంటుంది, పక్క ఆధారంగా మంచిది.

మండలం అంకె కావాలంటే మీరే అడగాలి. వేరే దారి లేదు.

6. ఊళ్ళోకి వెళ్ళి అడగడం

కోబో టూల్‌బాక్స్ అనే సర్వే సాఫ్ట్‌వేర్‌లో ఫారం తయారుచేసుకోండి, నెట్ లేకపోయినా ఫోన్లో నింపొచ్చు, తర్వాత అప్‌లోడ్ అవుతుంది. (గూగుల్ ఫారం తీసుకుని నెట్ లేని ఊరికి నెట్ సర్వేకి వెళ్ళిన ఘనులం మేం.)

ప్రతి మండలంలో కనీసం మూడు రకాల ఊళ్ళు తీసుకోండి: మండల కేంద్రం, మెయిన్ రోడ్డు మీద ఊరు, రోడ్డు ఆగిపోయేచోట ఊరు. ప్రతి ఊళ్ళో రామాలయం వీధితో ఆపేయకుండా ఎస్సీ కాలనీకి, ఊరి బయట కొత్త కాలనీకి తప్పకుండా వెళ్ళండి. వైరు చాలాసార్లు పెద్ద వీధి మలుపులోనే ఆగిపోతుంది, ఆ స్తంభం దగ్గర వైరు ఇంకా చుట్ట చుట్టి వేలాడుతూ కనబడుతుంది. దానికి ఫోటో తీసి లొకేషన్ పెట్టుకోండి, మ్యాప్‌లో ఆ ఒక్క పాయింట్ చాలా చెప్తుంది.

ఎన్ని ఇళ్ళు అంటే, 30 ఇళ్ళు అడిగితే జవాబు అటూఇటూ 18 పాయింట్లు ఊగుతుంది, 100 అడిగితే 10, 400 అడిగితే 5. కాబట్టి 30 ఇళ్ళడిగి "ఈ ఊళ్ళో 43.3 శాతం" అని దశాంశాలు రాయొద్దు, నవ్వుతారు. వరుస ఇళ్ళు కాకుండా ప్రతి ఐదో ఇల్లో పదో ఇల్లో పట్టుకోండి, తాళం వేసుంటే సాయంత్రం మళ్ళీ రండి, పగలు పొలం వెళ్ళేవాళ్ళే తప్పిపోతే లెక్కంతా ఉద్యోగుల ఇళ్ళదవుతుంది.

ప్రశ్నల్లో "మీకు ఇంటర్నెట్ ఉందా" అని మాత్రం అడగొద్దు. ఒక ముసలమ్మ నాతో "మాకేం నెట్ లేదు బాబూ" అంది, ఆవిడ చేతిలో ఫోన్లో యూట్యూబ్‌లో హరికథ నడుస్తోంది. ఇలా అడగండి:

- ఫోన్లో వీడియోలు, వాట్సాప్ చూస్తారా? ఇంట్లో ఎవరెవరు? ఫోను ఎవరిది?
- ఇంటికి నెట్ వైరు ఉందా? నిన్న పని చేసిందా?
- వైరు పెట్టించుకుని తీసేశారా? ఎందుకు?
- లేకపోతే అడిగారా? ఏమన్నారు?
- నెలకి ఎంతవుతోంది, ఫోన్ రీచార్జ్‌తో కలిపి?

మూడో ప్రశ్న అందరూ మర్చిపోతారు. పెట్టించుకుని తీసేసినవాళ్ళ దగ్గరే అసలు కథ ఉంటుంది, కరెంటు పోతే నెట్ పోతుంది కాబట్టి దండగ అన్నవాళ్ళు, పిల్లాడు హాస్టల్‌కి వెళ్ళాక అక్కర్లేదన్నవాళ్ళు, రిపేరుకి ఫోన్ చేసి చేసి విసిగిపోయినవాళ్ళు. ఈ మూడూ మ్యాప్‌లో ఒకే "లేదు" కాకూడదు.

పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోవద్దు, పనిలేదు. ఇంటి లొకేషన్ బయటికిచ్చే ఫైల్లో ఉండకూడదు, ఊరి స్థాయికి కూడేసి ఇవ్వండి.

7. స్పీడు

స్పీడ్‌టెస్ట్ యాప్ నడిపే ఊక్లా వాళ్ళు ఆ టెస్టుల ఫలితాల్ని 2019 నుంచి మూణ్ణెల్లకోసారి ఫ్రీగా ఇస్తున్నారు, వ్యాపారానికి వాడకూడదన్న షరతుతో. భూమధ్యరేఖ దగ్గర 610 మీటర్లుండే గళ్ళు, మన దగ్గరికొచ్చేసరికి దాదాపు 585 మీటర్లు. వైర్లవి వేరు, మొబైల్‌వి వేరు. ప్రతి గడిలో సగటు స్పీడు, టెస్టుల సంఖ్య, ఫోన్ల సంఖ్య ఉంటాయి.

మండలానికి సగటు తీసేటప్పుడు గళ్ళ సగటు తీయొద్దు, టెస్టుల బరువు వేయండి. ఒక గడిలో 100 టెస్టులు, 20 ఎంబీపీఎస్. పక్క గడిలో 2 టెస్టులు, 120. మామూలు సగటు 70, బరువేస్తే 22. ఐదు టెస్టులకంటే తక్కువున్న గళ్ళు నేను తీసేస్తాను. గడి లేదంటే నెట్ లేదని కాదు, అక్కడెవరూ టెస్ట్ చెయ్యలేదంతే, ఈ యాప్ పేరే వినని ఊళ్ళు బోలెడు.

8. లెక్క కట్టి గీయడం

ఒక ఊహ మండలం అనుకోండి. ఇళ్ళు 10,000. ఇంటి ముందు దాకా వైరున్నవి 6,000. కనెక్షన్లు 1,500. దొరకడం 60 శాతం. మొత్తం ఇళ్ళలో పెట్టించుకున్నవి 15 శాతం. దొరికేవాళ్ళలో పెట్టించుకున్నవి 25 శాతం. ఈ మూడో అంకె కోసమే ఇంత శ్రమ. ఎందుకంటే 60 దగ్గర సమస్య ఉంటే వైరు లాగాలి, 25 దగ్గర సమస్య ఉంటే ఎంత వైరు లాగినా ప్రయోజనం లేదు, రేటో, రిపేరో, అవసరమో చూడాలి.

గీసేటప్పుడు దొరకడానికి ఒక రంగు, వాడకానికి ఇంకో రంగు తీసుకుని మూడు మూళ్ళ తొమ్మిది గళ్ళ కలనేత వేయొచ్చు, చూడ్డానికి బాగుంటుంది, అయితే కలెక్టరాఫీసులో ఎవరికీ అర్థం కాలేదు, అప్పణ్ణించి రెండు మ్యాపులు పక్కపక్కన పెడుతున్నా. "తెలీదు"కి బూడిద రంగు, "సున్నా"కి తెలుపు, ఈ రెండూ కలవకూడదు. ఇంకోటి, మండలం మొత్తానికి రంగు పులిమితే అడవి మండలాలు పెద్దగా కనబడి, విజయవాడ నగరం చుక్కంత కనబడుతుంది. ఇళ్ళున్నచోటే రంగు పడేలా బిల్డింగ్స్ లేయర్‌తో కత్తిరించండి. అడవికి నెట్ ఎందుకు.

9. తప్పులు పట్టించుకోవడం

మ్యాప్ అయ్యాక వెంటనే బయటపెట్టొద్దు. మండలానికొక ఏ3 ప్రింటు తీసి, అదే కేబుల్ ఆపరేటర్‌కి, సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌కి, హైస్కూల్ మాస్టారుకి చూపించండి. ముగ్గురూ మూడు తప్పులు పడతారు. మాకు ఒక ఆపరేటర్ అయితే మొత్తం చూసి, కాలవ అవతల రెండు వీధుల మీద ఇంటూ కొట్టి, "ఇది పోయిన గాలివానకి పడిపోయింది సార్, ఇంకా ఎత్తలేదు, మీకెవరు చెప్పారు ఉందని" అన్నాడు. చెప్పింది ఆయనే, ఎనిమిది నెలల కింద. ఆ వరసలో పాత అంకె చెరపకుండా పక్కన కొత్త కాలమ్ పెట్టి ఆ రోజు తేదీ వేసుకున్నాం.